సిలిండర్ హెడ్ గాస్కెట్ (టర్బో డీజిల్ లారీ ఇంజను)

సిలిండర్ హెడ్ గాస్కెట్ అనేది అంతర్దహన యంత్రంలో సిలిండర్ బ్లాకుకూ, దానిపై మూతలాగా కూర్చునే సిలిండర్ హెడ్‌కూ నడుమ ఉంచి బిగించే పలుచని పొర. దీని మందం సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. ఇంజను మొత్తంలో అత్యధిక పీడనాన్నీ, ఉష్ణోగ్రతనూ బయటకు పోకుండా ఆపే భారం ఈ పొర మీదనే ఉన్నది. టర్బోఛార్జరు అమర్చిన డీజిల్ లారీ ఇంజన్లలో ఈ భారం మరింత ఎక్కువ. విశాఖపట్నం వంటి రేవు పట్టణంలో రేవు నుండి, ఉక్కు కర్మాగారం నుండి బరువైన సరుకు ఎత్తుకుని కనుమ దారులు ఎక్కే లారీలకు తరచుగా వచ్చే పెద్ద మరమ్మతులలో హెడ్ గాస్కెట్ మార్చడం ఒకటి.

పేరు, పరిభాష

తెలుగునాట మెకానిక్కులు దీనిని 'హెడ్ గాస్కెట్' అనీ, 'హెడ్ ప్యాకింగు' అనీ అంటారు. గాస్కెట్ చెడిపోవడాన్ని 'గాస్కెట్ పోయింది' అంటారు. మరమ్మతు కోసం హెడ్‌ను విప్పి తీయడం 'హెడ్ దించడం'. చల్లబరచే నీరు తిరిగే దారులను 'వాటర్ జాకెట్' అంటారు. 'బూస్టు' అంటే టర్బోఛార్జరు వాతావరణ పీడనం కంటే ఎంత అధిక పీడనంతో గాలిని ఇంజనులోకి నెడుతున్నదో ఆ కొలత. ఒక బార్ అంటే దాదాపు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అని గుర్తు పెట్టుకుంటే ఈ వ్యాసంలోని లెక్కలు సులభంగా అర్థమవుతాయి.

గాస్కెట్ చేయవలసిన పని

హెడ్‌కూ బ్లాకుకూ మధ్య మూడు రకాల ద్రవ, వాయు పదార్థాలు ప్రయాణిస్తాయి. మొదటిది సిలిండరులో మండే వాయువు. దీని పీడనం వంద బార్లు దాటుతుంది. రెండవది రేడియేటరు నీరు లేదా కూలెంటు. దీని పీడనం ఒక బారుకు అటూ ఇటూ. మూడవది వాల్వులకు, రాకర్లకు పోయే ఇంజను నూనె, మూడు నాలుగు బార్ల పీడనంతో. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవకూడదు, బయటకూ కారకూడదు. ఒకే రేకు వంద బార్ల వాయువునూ, ఒక బారు నీటినీ పక్కపక్కనే, కొన్ని చోట్ల ఒక సెంటీమీటరు కంటే తక్కువ దూరంలో, విడదీసి ఉంచాలి.

ఇది చాలదన్నట్లు, హెడ్, బ్లాకు రెండూ కదలకుండా ఉండవు. లారీ ఇంజన్లలో రెండూ సాధారణంగా పోత ఇనుముతో చేసినవే. పోత ఇనుము ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే మీటరు పొడవుకు సుమారు 0.011 మిల్లీమీటరు సాగుతుంది. 75 సెంటీమీటర్ల పొడవున్న హెడ్ 70 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువే పొడుగవుతుంది. బ్లాకు కూడా సాగుతుంది కాని అంతే వేగంతో కాదు. నిప్పుకు దగ్గరగా ఉన్న హెడ్ ముందు వేడెక్కుతుంది. ఈ తేడా వలన గాస్కెట్ రోజూ ఇటూ అటూ రాపిడికి గురవుతుంది. అల్యూమినియం హెడ్, ఇనుప బ్లాకు ఉన్న కార్లలో ఈ రాపిడి ఇంకా ఎక్కువ, ఎందుకంటే అల్యూమినియం ఇనుముకు ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది.

టర్బోఛార్జరు వలన వచ్చిన మార్పు

పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చక్రాన్ని తిప్పి, దానికి జోడించిన మరొక చక్రంతో గాలిని ఇంజనులోకి నెట్టే ఆలోచనకు స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు తీసుకున్నాడు. లారీ ఇంజనుకు దీనిని అమర్చినది కూడా స్విట్జర్లాండుకే చెందిన సౌరర్ సంస్థ, 1938లో. మన దేశంలో లారీలకు ఇది ఆలస్యంగా వచ్చింది. 1954 నుండి బెంజ్ సంస్థ సహకారంతో టాటావారు చేసిన లారీలలోనూ, లేలాండ్ లారీలలోనూ చాలాకాలం టర్బో లేని ఇంజన్లే ఉండేవి. టాటావారి ఆరు సిలిండర్ల 697 ఇంజను మొదట టర్బో లేకుండానే వచ్చి, తరువాత టర్బోతోనూ, ఇంటర్‌కూలరుతోనూ తయారైంది. 1993లో జంషెడ్‌పూరులో టాటా కమిన్స్ సంస్థ ఏర్పడి కమిన్స్ బి శ్రేణి ఇంజన్లను తయారు చేయడం మొదలుపెట్టింది. కాలుష్య నియమాలు క్రమంగా బిగిశాయి. 2010లో దేశమంతటా భారత్ స్టేజ్ 3, 2017 ఏప్రిల్ 1న 4, 2020 ఏప్రిల్ 1న 6 అమలులోకి వచ్చాయి (5ను దాటవేశారు). పొగ తగ్గాలన్నా, శక్తి పెరగాలన్నా సిలిండరులోకి ఎక్కువ గాలి కావాలి. కనుక బరువైన లారీలలో టర్బో లేని ఇంజను దాదాపు కనుమరుగైంది.

బూస్టు పెరిగితే గాస్కెట్ మీద ఏమి జరుగుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. సంపీడన నిష్పత్తి 17 ఉన్న డీజిల్ ఇంజను వాతావరణ పీడనంలో ఉన్న గాలిని పీల్చి నొక్కితే, మంట పుట్టకముందే పీడనం సుమారు 45 బార్లకు చేరుతుంది. టర్బో ఒక బారు బూస్టు ఇస్తే ఇంజను రెండు బార్ల గాలితో మొదలుపెడుతుంది; నొక్కిన తరువాత అది 90 బార్లు. రెండు బార్ల బూస్టు ఇస్తే 135 బార్లు దాటుతుంది. ఇంధనం మండడం వలన పెరిగే పీడనం దీనికి అదనం. అందుకే అధిక బూస్టు ఇంజన్లలో రూపకర్తలు సంపీడన నిష్పత్తిని కొంత తగ్గిస్తారు, గాలిని ఇంటర్‌కూలరులో చల్లబరుస్తారు, ఇంధనం చిమ్మే సమయాన్ని కొంచెం వెనక్కు జరుపుతారు. ఇన్ని చేసినా, టర్బో లేని పాత ఇంజన్లతో పోలిస్తే గరిష్ఠ పీడనం చాలా ఎక్కువ. నేటి బరువు లారీల ఇంజన్లలో 200 బార్ల వరకూ పోతుంది.

ఇక హెడ్‌ను పైకి తోసే బలం. కమిన్స్ 5.9 లీటర్ల బి శ్రేణి ఇంజనులో సిలిండరు వ్యాసం 102 మిల్లీమీటర్లు. వైశాల్యం సుమారు 82 చదరపు సెంటీమీటర్లు. గరిష్ఠ పీడనం 120 బార్లు అనుకుంటే ఒక్క సిలిండరు హెడ్‌ను పైకి తోసే బలం దాదాపు 10 టన్నులు. అంటే పాతకాలపు రెండిరుసుల లారీ మోసే సరుకు బరువు. 200 బార్లయితే అదే బలం 16 టన్నులు దాటుతుంది. ఈ దెబ్బ ఒకసారి పడేది కాదు. నిమిషానికి 2000 చుట్లు తిరిగే నాలుగు ఘాతాల ఇంజనులో ప్రతి సిలిండరు నిమిషానికి వెయ్యిసార్లు, గంటకు అరవైవేలసార్లు హెడ్‌ను తంతుంది.

బోల్టుల బిగింపు

ఈ తోపును ఆపేది గాస్కెట్ కాదు, బోల్టులు. గాస్కెట్ గొప్పదైతే చాలుననుకోవడం సామాన్యంగా వినిపించే అపోహ. బోల్టు ఒక గట్టి స్ప్రింగు వంటిది. బిగించినప్పుడు అది సాగుతుంది, తిరిగి కుంచించుకుపోవాలని చూస్తుంది, ఆ లాగుడే హెడ్‌ను బ్లాకుకు అదుముతుంది.

పైన చెప్పిన కమిన్స్ ఇంజనులో ఆరు సిలిండర్లకు కలిపి ఒకే హెడ్, 12 మిల్లీమీటర్ల బోల్టులు 26. ఒక్కొక్క బోల్టు సుమారు 6 టన్నుల బలంతో అదుముతున్నదనుకుంటే మొత్తం 156 టన్నులు. సిలిండరుకు 26 టన్నుల చొప్పున వస్తుంది. వాయువు తోపు 10 టన్నులైనప్పుడు అదుము బలం దానికి రెండున్నర రెట్లకు పైగా ఉన్నది, కంగారు లేదు. తోపు 16 టన్నులకు పెరిగితే అదే అదుము ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ మిగులులో నుండే నీటి దారుల చుట్టూ, నూనె దారుల చుట్టూ కావలసిన అదుము కూడా రావాలి. హెడ్ అన్ని చోట్లా సమానంగా గట్టిగా ఉండదు కనుక బోల్టులకు దూరంగా ఉన్న చోట అది ప్రతి పేలుడుకూ కొన్ని మైక్రాన్లు పైకి లేచి దిగుతుంది. కంటికి కనిపించని ఈ కదలిక గాస్కెట్‌ను క్రమంగా అరగదీస్తుంది. కంపెనీ ఇచ్చిన అమరికను మార్చి, ఇంధన పంపులో డీజిల్ పెంచి 'పికప్' తెప్పించుకునే డ్రైవర్లు, యజమానులు గమనించవలసిన లెక్క ఇది. పంపు మార్చడం పది నిమిషాల పని. బోల్టుల సంఖ్య మాత్రం 26 గానే ఉంటుంది.

బోల్టును ఎంత బిగించామో టార్క్ రెంచి చూపే అంకెను బట్టి పూర్తిగా చెప్పలేము. రెంచి మీద వేసిన బలంలో దాదాపు తొంభై శాతం బోల్టు తల కింద, మరలలో రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదో వంతు. మరలలో తుప్పు, మట్టి ఉంటే ఆ పదో వంతు కూడా ఉండదు. రెంచి మాత్రం 'టక్' మని మోగుతుంది. ఈ చిక్కును తప్పించడానికి ఇంజను తయారీదారులు కోణం పద్ధతిని తెచ్చారు. ముందు ఒక చిన్న టార్క్ వరకూ బిగించి, అక్కడి నుండి పావు చుట్టు (90 డిగ్రీలు) తిప్పమంటారు. మర దూరం 1.75 మిల్లీమీటర్లున్న బోల్టును పావు చుట్టు తిప్పితే అది 0.44 మిల్లీమీటరు ముందుకు పోతుంది, రాపిడి ఎంతైనా సరే. అంకెలు ఇంజను ఇంజనుకూ మారుతాయి కనుక ఆయా ఇంజను సర్వీసు పుస్తకంలో ఉన్నవాటినే పాటించాలి.

బిగించే వరుస కూడా ముఖ్యమే. మధ్య బోల్టుతో మొదలుపెట్టి చుట్లు చుట్లుగా అంచులకు పోవాలి. చివరల నుండి బిగిస్తే మధ్యలో హెడ్ ఉబ్బి నిలుస్తుంది. విప్పేటప్పుడు దీనికి విరుద్ధంగా అంచుల నుండి మధ్యకు, అదీ ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత మాత్రమే.

గాస్కెట్ పదార్థాలు

తొలి రోజులలో రాగి రేకుల మధ్య రాతినార (ఆస్బెస్టాస్) పెట్టి గాస్కెట్లు చేసేవారు. రాతినార వేడికి కాలదు, అదిమితే సర్దుకుంటుంది, చవక. హెడ్ ముఖం కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ క్రిసోటైల్ రకం రాతినార నిక్షేపాలున్నాయి, తవ్వకాలు కూడా జరిగాయి. అయితే దీని సన్నని పోగులు ఊపిరితిత్తులలోకి చేరి ఆస్బెస్టోసిస్ అనే వ్యాధినీ, కాన్సరునూ కలిగిస్తాయని రుజువైంది. వ్యాధి బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్ళు పట్టడం వలన దానికీ వృత్తికీ ఉన్న సంబంధం చాలామందికి తెలియకుండానే పోతుంది. పాత ఇంజను హెడ్ దించి, అంటుకుపోయిన గాస్కెట్‌ను ఎండగా గీకి, నోటితో ఊది శుభ్రం చేసే కుర్రవాళ్ళు ప్రమాదంలో ఉన్నారని చెప్పక తప్పదు. పాత గాస్కెట్ ఏ పదార్థమో తెలియనప్పుడు దానిని తడిపి తీయడం, ముక్కుకు తగిన ముసుగు కట్టుకోవడం, గాలి గొట్టంతో ఊదకుండా ఉండడం కనీస జాగ్రత్తలు.

రాతినార తరువాత గ్రాఫైటు, ఇతర కృత్రిమ నారలు వచ్చాయి. చిల్లులు పొడిచిన ఉక్కు రేకుకు రెండు వైపులా ఈ పదార్థాన్ని అదిమి, సిలిండరు రంధ్రం చుట్టూ స్టెయిన్‌లెస్ ఉక్కు అంచు కడతారు. ఈ అంచును 'ఫైర్ రింగ్' అంటారు. ఇటువంటి మిశ్రమ గాస్కెట్లు మొదటిసారి వేడెక్కిన తరువాత కొంత కుంగుతాయి. అందుచేత చాలా పాత ఇంజన్లలో కొన్ని గంటలు నడిపి బోల్టులను మరల బిగించాలని సర్వీసు పుస్తకాలు చెప్పేవి.

అధిక బూస్టు ఇంజన్లలో ఇప్పుడు ఎక్కువగా వాడేది బహుళ పొరల ఉక్కు గాస్కెట్. ఇది మూడు నుండి ఐదు పలుచని స్టెయిన్‌లెస్ స్ప్రింగు ఉక్కు రేకుల దొంతర. ప్రతి రంధ్రం చుట్టూ రేకులో ఒక గట్టు పోసి ఉంటుంది. హెడ్ కొన్ని మైక్రాన్లు పైకి లేచినప్పుడు ఈ గట్టు స్ప్రింగులాగా తానూ లేచి ఖాళీని మూసివేస్తుంది. బోల్టులు బిగించినప్పుడు గట్టు పూర్తిగా చదునైపోకుండా మధ్యలో ఒక ఆపు పొర ఉంటుంది. పైన, కింద రబ్బరు పూత మైక్రాన్లలో కొలిచేంత పలుచన. దీనికున్న చిక్కల్లా ఒకటే: ఆ పూత ఎంత గరుకుతనాన్ని నింపగలదో అంతే. మిశ్రమ గాస్కెట్ సర్దుకుపోయే గీత దీని దగ్గర కారిపోయే దారి అవుతుంది. గరుకుతనం ఒక మైక్రాను లోపల ఉండాలని సాధారణంగా కోరుతారు.

విశాఖ ఉక్కు ఊళ్ళోనే ఉండగా ఈ రేకు ఇక్కడే చేయవచ్చు కదా అని విద్యార్థులకు సందేహం రావచ్చు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేసిన ఈ కర్మాగారం నిర్మాణపు కడ్డీలు, తీగ చుట్టలు, గుండ్రని, కోణాకారపు ఉక్కు వంటి పొడవాటి ఉత్పత్తులకు ప్రసిద్ధి. పలుచని స్టెయిన్‌లెస్ రేకు వేరే రకం కర్మాగారం పని.

అధిక బూస్టుకు ప్రత్యేక ఏర్పాట్లు

బూస్టు బాగా ఎక్కువైనప్పుడు గాస్కెట్ మార్చినంత మాత్రాన చాలదు. ఆచరణలో ఉన్న ఉపాయాలు కొన్ని:

బోల్టులకు బదులు స్టడ్లు వాడడం. స్టడ్డును ముందే బ్లాకులో అమర్చి పైన నట్టు బిగిస్తారు. బిగించేటప్పుడు స్టడ్డు మెలిక పడదు, లాగుడు ఎక్కువ సమంగా వస్తుంది, బ్లాకులోని మరలు అరగవు. మరింత బలమైన ఉక్కుతో చేసినవి అమెరికాలో ఈ ఇంజన్లను పోటీలకు వాడేవారు ఎక్కువగా వేసుకుంటారు.

తీగ వలయం. సిలిండరు చుట్టూ బ్లాకులో గాని హెడ్‌లో గాని సన్నని గాడి కోసి, అందులో స్టెయిన్‌లెస్ తీగను పొదుగుతారు. తీగ కొద్దిగా పైకి ఉబికి ఉండి, అదుము బలాన్ని ఆ గీత మీద కేంద్రీకరిస్తుంది. మంట ఆగుతుంది కాని మొత్తం బలం పెరగదు కనుక నీటి దారుల దగ్గర అదుము తగ్గే ప్రమాదం ఉన్నది. రోజూ సరుకు మోసే లారీకి ఇది అనవసరమని చెప్పవచ్చు.

లైనరు ఎత్తు. నీటిలో మునిగి ఉండే 'తడి లైనరు' ఇంజన్లలో లైనరు అంచు బ్లాకు ముఖం కంటే కొన్ని వందో వంతుల మిల్లీమీటరు పైకి ఉండేలా చేస్తారు. ఈ ఎత్తే గాస్కెట్‌ను గట్టిగా కరచి పట్టుకుంటుంది. ఒక లైనరు కుంగితే ఎంత మంచి గాస్కెట్ వేసినా అక్కడ నిలవదు. గాస్కెట్ మూడు నెలలకొకసారి పోతున్నదంటే ముందుగా కొలవవలసినది ఈ ఎత్తునే.

విశాఖపట్నం పరిసరాలలో

విశాఖపట్నం రేవులోకి 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే నౌక ప్రవేశించింది. అదే ఏడు డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. ముడి ఖనిజం, బొగ్గు, ఎరువులు ఇక్కడి ప్రధాన సరుకులలో ఉన్నాయి. 2009లో గంగవరం రేవు కూడా మొదలైంది. గాజువాక దగ్గరి ఆటోనగరులో లారీల మరమ్మతు దుకాణాలు, లేత్ పని చేసేవారు, విడిభాగాలు అమ్మేవారు ఒకేచోట ఉంటారు. విజయవాడ ఆటోనగరు తరువాత కోస్తాలో లారీ పనికి పేరున్న చోట్లలో ఇది ఒకటి.

ఇక్కడి లారీల హెడ్ గాస్కెట్లకు పరీక్ష పెట్టేవి ప్రధానంగా మూడు: ఎత్తు, ధూళి, నీరు.

రాయపూరు, జగదల్‌పూరు వైపు పోయే లారీలు విజయనగరం మీదుగా సాలూరు చేరి, అక్కడి నుండి సుంకి కనుమ ఎక్కి ఒడిషాలోని కొరాపుట్ పీఠభూమికి చేరుతాయి. పూర్వం 43వ నంబరు, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి ఇది. (చెన్నై - కలకత్తా రహదారి కూడా ఇలాగే 5 నుండి 16 అయింది, పాత అంకెలనే వాడే డ్రైవర్లు ఇంకా చాలామంది ఉన్నారు.) సాలూరు పట్టణం లారీల వ్యాపారానికి ఉత్తరాంధ్రలో పేరు పొందినది, 2022లో జిల్లాల విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. అక్కడ సొంతంగా ఒకటి రెండు లారీలున్న కుటుంబాలకు ఒక హెడ్ మరమ్మతు అంటే విడిభాగాల ఖర్చుతో పాటు బాడుగ పోవడం, వాయిదా ఆగడం కూడా.

సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మైదానం నుండి కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. నిండు బరువుతో ఈ ఎక్కుడులో లారీ తక్కువ గేరులో, పూర్తి బూస్టుతో, చాలాసేపు నెమ్మదిగా పోతుంది. ఎదురు గాలి లేక రేడియేటరు చల్లదనం పూర్తిగా ఫ్యాను మీద ఆధారపడుతుంది. గరిష్ఠ పీడనం, గరిష్ఠ వేడి ఒకేసారి వచ్చే పరిస్థితి ఇది. 2018 జూలైలో కేంద్రప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితిని పెంచింది. మూడిరుసుల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెరిగింది. కొత్త ఇంజన్లకు అది పెద్ద విషయం కాకపోవచ్చు. పాత లారీకి అదే ఇంజను మీద మూడున్నర టన్నులు ఎక్కువ.

రెండవది ధూళి. రేవు ప్రాంతంలో తిరిగే లారీల రేడియేటరు, ఇంటర్‌కూలరు రెక్కల మధ్య బొగ్గు పొడి, ఖనిజపు పొడి చేరి, సముద్రపు తేమతో కలిసి గట్టి పొరగా పేరుకుంటుంది. చూడడానికి రేడియేటరు బాగానే ఉంటుంది కాని గాలి దూరదు. ఇంటర్‌కూలరు మూసుకుంటే ఇంజనులోకి పోయే గాలి వేడెక్కి మంట ఉష్ణోగ్రత పెరుగుతుంది. గాస్కెట్ పోయాక హెడ్ దించి, వేలు ఖర్చు చేసి, రేడియేటరు బయటి ముఖం కడగకుండానే లారీని దారిలో పెట్టడం అరుదు కాదు.

మూడవది నీరు. ఎక్కడ ఆగితే అక్కడి బోరు నీటినో, కాలువ నీటినో రేడియేటరులో పోయడం అలవాటు. తీరప్రాంతపు బోరు నీటిలో ఉప్పు, సున్నపు లవణాలు ఎక్కువ. ఉప్పు గాస్కెట్ ఉక్కును, బ్లాకు ముఖాన్ని తినివేస్తుంది. సున్నం నీటి దారులలో పేరుకుని హెడ్‌ను చల్లబడనీయదు. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంటు ఎందుకు అని అడుగుతారు. కూలెంటులో ఉండే తుప్పు నిరోధకాలే ఇక్కడ అసలు అవసరం. గడ్డకట్టకుండా చేయడం చలి దేశాలవారికి ముఖ్యం.

చెడిపోయినట్లు తెలిపే గుర్తులు

గాస్కెట్ ఒకే విధంగా చెడిపోదు. ఏ రెండు దారుల మధ్య తెగిందన్న దాన్నిబట్టి గుర్తులు మారుతాయి.

సిలిండరుకూ నీటి దారికీ మధ్య తెగితే మండిన వాయువు నీటిలోకి పోతుంది. రేడియేటరులో బుడగలు వస్తాయి, పైగొట్టం ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే రాయిలాగా గట్టిపడుతుంది, నీరు పొంగి పోతుంది. అధిక బూస్టు ఇంజన్లలో మొదట కనిపించేది తరచుగా ఇదే, అదీ ఎక్కుడులో మాత్రమే. దిగి చూసేసరికి బూస్టు లేదు, బుడగలూ లేవు. 'మైదానంలో బాగానే ఉంది, ఘాటీలోనే నీళ్ళు తాగుతోంది' అని డ్రైవరు అంటే నమ్మవలసిన మాట అది.

ఇంజను ఆగిన తరువాత నీరు ఎదురు దారిలో సిలిండరులోకి దిగుతుంది. ఉదయం స్టార్టు చేసినప్పుడు తియ్యని వాసనతో తెల్లటి పొగ వస్తుంది. నీరు ఎక్కువగా దిగి ఉంటే మరీ ప్రమాదం. నీరు గాలిలాగా నొక్కుకుపోదు. స్టార్టరు తిప్పిన తోపుకు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అనుమానం ఉన్నప్పుడు ఇంజెక్టర్లు తీసి ఇంజనును చేతితో తిప్పి చూసిన తరువాతనే స్టార్టరు జోలికి పోవాలి.

నీటికీ నూనెకూ మధ్య తెగితే నూనె పాలు కలిపిన కాఫీ రంగుకు మారుతుంది. ఆ నూనెకు జారుడు గుణం పోయి బేరింగులు దెబ్బతింటాయి. అయితే ఆయిల్ కూలరు చిల్లు పడినా ఇదే గుర్తు వస్తుంది. హెడ్ దించేముందు కూలరును పరీక్షించడం మేలు.

రెండు పక్క సిలిండర్ల మధ్య తెగితే ఇంజను వణుకుతుంది, ఆ రెంటిలోనూ సంపీడనం తక్కువగా చూపుతుంది. బయటికి నూనె చెమర్చడం అన్నిటికంటే తక్కువ ప్రమాదం.

అనుమానం తీర్చుకోవడానికి బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు ద్రవంతో చేసే పరీక్ష ఒకటి ఉన్నది. రేడియేటరు మూతి దగ్గరి గాలిని ఆ నీలి ద్రవం గుండా పీలుస్తారు. అందులో బొగ్గుపులుసు వాయువు ఉంటే రంగు ఆకుపచ్చకు, పసుపుకు మారుతుంది. పాఠశాల ప్రయోగశాలలో ఊపిరి ఊది చూపించే ప్రయోగమే ఇది. డీజిల్ ఇంజను ఊరకే తిరుగుతున్నప్పుడు ఆ వాయువు తక్కువ కనుక, కొంత భారం పెట్టి చేస్తేనే ఫలితం నమ్మదగినది.

మార్చే విధానం

చల్లారిన ఇంజనులో నీరు, నూనె తీసివేసి, ఇంజెక్టరు గొట్టాలు, మానిఫోల్డులు, రాకర్లు విప్పి హెడ్ దించుతారు. తీసిన పాత గాస్కెట్‌ను వెంటనే పారవేయకూడదు; ఎక్కడ నల్లగా కాలింది, ఎక్కడ అదుము పడలేదు అన్నది దాని మీదనే రాసి ఉంటుంది.

తరువాత ఉక్కు సరళ పట్టీని హెడ్ ముఖం మీద పొడవునా, అడ్డంగా, మూలమూలకూ ఆనించి, కింద ఫీలర్ గేజి దూర్చి వంకర కొలుస్తారు. ఇంజనును బట్టి 0.05 నుండి 0.1 మిల్లీమీటరు వరకూ అనుమతి ఉంటుంది. అంతకు మించితే హెడ్‌ను గ్రైండింగుకు పంపాలి. హెడ్ చూసి బ్లాకును వదలివేయడం ఈ పనిలో జరిగే పెద్ద లోపం. బ్లాకు లారీలోనే ఉంటుంది, మోసుకుపోవడానికి రాదు, అందుకని చూడరు. వంకర రెండింటిలో దేనిలో ఉన్నా ఫలితం ఒకటే.

ఎంత లోహం తీసినదీ కొలవాలి. ఎక్కువ తీస్తే వాల్వులు పిస్టనుకు దగ్గరవుతాయి, ఇంజెక్టరు కొన ఎక్కువ ముందుకు వస్తుంది. కొన్ని ఇంజన్లకు గాస్కెట్లు రెండు మూడు మందాలలో దొరుకుతాయి. అంచున ఉన్న గాట్లను బట్టి గుర్తించి, పిస్టను ఎత్తు కొలిచి తగినది ఎంచుకోవాలి. పగుళ్ళ కోసం హెడ్‌ను పీడనంతో పరీక్షించడం కూడా అవసరం. వాల్వుల మధ్య సన్నని పగులు ఉంటే కొత్త గాస్కెట్ వేసినా బుడగలు ఆగవు.

బ్లాకులోని బోల్టు రంధ్రాలలో నూనె గాని నీరు గాని మిగిలి ఉంటే బోల్టు దిగేటప్పుడు దానికి పోయే దారి లేక బ్లాకు పగలవచ్చు, లేదా బోల్టు బిగుసుకున్నట్లు రెంచి అబద్ధం చెప్పవచ్చు. బోల్టుల పొడవు కొలిచి, పరిమితి దాటి సాగినవాటిని మార్చాలి. బహుళ పొరల ఉక్కు గాస్కెట్‌కు తయారీదారు చెప్పనిదే షెల్లాక్, సిలికోన్ వంటివి పూయకూడదు. అది భద్రత అనిపిస్తుంది కాని రబ్బరు పూతను పాడుచేస్తుంది, మిగులు ముద్ద నీటి దారులలోకి జారుతుంది.

హెడ్ వేయడంతో పని పూర్తి కాదు. థర్మోస్టాట్ సరిగా తెరుచుకుంటున్నదా, నీటి పంపు, ఫ్యాను బెల్టు ఎలా ఉన్నాయి, రేడియేటరు లోపలా బయటా శుభ్రంగా ఉన్నదా అన్నవి చూడాలి. వేడెక్కితే థర్మోస్టాట్‌ను పీకి పారేయడం మన దగ్గర ఒక వైద్యం. దాని వలన కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటరుకు పోకుండా పక్కదారిలోనే తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది.

దారిలో ఇంజను వేడెక్కినప్పుడు

ఒక బారు పీడనపు మూత ఉన్న రేడియేటరులో నీరు 120 డిగ్రీల వరకూ మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో పీడనం పడిపోయి ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగుస్తుంది. గొట్టాన్ని చేతితో తాకగలిగేంత చల్లారేవరకూ మూత తిప్పకూడదు. ఎర్రగా కాగిన ఇంజను మీద గాని, లోపల గాని చన్నీళ్ళు పోస్తే హెడ్ పగులుతుంది. కనుమ ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతే గేరు తగ్గించి, యాక్సిలరేటరు కాస్త వదలి, బండి ఆపేందుకు అనువైన చోట పక్కకు తీయాలి. కొద్దిసేపు ఇంజనును ఊరకే తిరగనిచ్చి (నీరు పూర్తిగా పోనట్లయితేనే) ఆపాలి. లేకుంటే టర్బో బేరింగుకు నూనె అందక అది కూడా చెడుతుంది. దిగుడులో ఇంజను ఆగిపోతే ఇంజను అదుపు పోవడమే కాక గాలి బ్రేకుల కంప్రెసరు కూడా ఆగుతుంది. కనుక గాస్కెట్ అనుమానం ఉన్న లారీని కనుమ దింపడం కంటే పైనే ఆపి మెకానిక్కును రప్పించడం క్షేమం.

రైలు ఇంజన్లలో

లారీ ఇంజన్లలో చాలావాటికి ఆరు సిలిండర్లకూ ఒకే హెడ్ ఉండగా, వాల్తేరు డీజిల్ షెడ్డులో దశాబ్దాలుగా నిర్వహించిన ఆల్కో రకం రైలు ఇంజన్లలో ప్రతి సిలిండరుకూ విడి హెడ్ ఉంటుంది. 1964 నుండి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.2 ఇంజనుకు 16 సిలిండర్లు, టర్బోఛార్జరు, 2600 అశ్వశక్తి. సిలిండరు వ్యాసం 9 అంగుళాలు. ఒక గాస్కెట్ చెడితే ఆ ఒక్క హెడ్‌నే దించి మార్చుకోవచ్చు, వంకర సమస్య కూడా చిన్న హెడ్‌లో తక్కువ. కొన్ని బరువు లారీల ఇంజన్లలో కూడా ఈ పద్ధతి ఉన్నది. విడి హెడ్లకు ఎక్కువ బోల్టులు, ఎక్కువ పొడవు కావాలి కనుక చిన్న ఇంజన్లలో వాడరు.